మూడో కూత

నా పేరు రాయప్ప.
గ్రిమ్స్‌బీలో ఎవరికీ నోరు తిరగదు. ఫాదర్ రే అంటారు.
పొట్టిగా, శుభ్రంగా, కోరలు తీసిన పేరు.
మా విచారణలో రాయప్ప అంటే పేతురే,
కోడి కూయకముందు మూడుసార్లు బొంకినవాడు.

ఇక్కడ కోళ్లు లేవు.
చేపల రేవు మీద తిరిగే సముద్రపు కాకులు
తెల్లారకుండానే గుడి కప్పెక్కి
ఎవరో జుట్టు పట్టి ఈడ్చినట్టు అరుస్తాయి.
పాత కప్పు మీది సీసం దొంగలెత్తుకుపోతే
కొత్తది వేయిస్తున్నది డెస్మండ్ హాలివెల్ గారు.
మూడో బెంచీ, కుడి చివర ఆయనది.
వాన పడ్డప్పుడల్లా
ఆయన మంచితనం నా నెత్తిమీద టపటపలాడుతుంది.

చివరి బెంచీలో
ఆయన ఫ్యాక్టరీ రాత్రి షిఫ్టు కూర్చుంటుంది.
నలుగురు లిథువేనియా ఆడవాళ్లు,
ఎంత తోమినా వదలని హాడాక్ చేప వాసన,
"ఆమెన్" దగ్గర మాత్రం మెలకువ.

ఆగస్టులో దనూతె నా గదికొచ్చింది.
చేతి తొడుగుల డబ్బు కూలిలో కోస్తున్నారట.
తొడుగు లేని రోజున కత్తి వేలిని కోసింది.
కట్టు విప్పి చూపించింది.
నేను వేలు చూడలేదు, గడియారం చూశాను.
"ప్రార్థన చేస్తానమ్మా" అన్నాను.
అబద్ధం కాదు, చేశాను కూడా.
ప్రార్థన వెనక దాక్కోవచ్చని అప్పుడే తెలిసింది.

సెప్టెంబరు చివరి ఆదివారం
ధనవంతుడూ లాజరూ వచ్చారు.
నుదుట, పెదవుల మీద, గుండె మీద
బొటనవేలితో సిలువ గీసుకుని చదివాను.
గడప బయట పుండ్లతో ఒకడు,
లోపల పట్టుబట్టల్లో ఒకడు,
మధ్యన ఒక్క తలుపు.
పుస్తకం మూసి, చిరునవ్వు తెరిచి
ఏడు నిమిషాలు మాట్లాడాను
మనసులోని పేదరికం గురించి.
ఒక ఫుట్‌బాల్ జోకు. అందరూ నవ్వారు.
హాలివెల్ గారు తల ఊపారు.
పాలలో నీళ్లు కలిపేవాడికైనా భయముంటుంది,
నాకు అదీ లేదు.

గుమ్మం దగ్గర మిసెస్ టోల్ ఆగింది.
ఎనభై మూడేళ్లు, చేతిలో తడి గొడుగు.
"లాజరు ఇవాళ కూడా బయటే ఉండిపోయాడు, ఫాదర్."
నేను ఏదో అనబోయాను.
"నీ ఒక్కడి తప్పని అనడం లేదు.
ముప్పయ్యేళ్లు ఆ ఫ్యాక్టరీలో లెక్కలు రాశాను.
తొడుగుల కోత నా చేతిరాతతోనే మొదలైంది.
జ్ఞానస్నానం నాక్కూడా ఇచ్చారు కదా,
నోటితో సహా."

ఆ రాత్రి ఉపదేశి జోజప్ప గుర్తొచ్చాడు.
సైకిలుకి లాంతరు కట్టుకుని మిరపతోటల మధ్య
వచ్చి మాకు జపాలు నేర్పినవాడు.
గుడికి పెంకులిచ్చిన ఆసామి
"ఆ వాక్యం వదిలెయ్యి" అంటే
ఆ పెంకుల కిందే నిలబడి
ఆ వాక్యమే రెండుసార్లు చదివాడు.
మరుసటి నెల సైకిలు అమ్ముకున్నాడు.
నడిచి వచ్చాడు. జపాలు మానలేదు.
గురుపట్టం పుచ్చుకున్న రోజు అతని కథ
పదిమందికీ గొప్పగా చెప్పుకున్నాను.
ఇవాళ చెప్పులో రాయిలా ఉంది.

ఈ ఆదివారం చదవాల్సింది వేరే.
పొలం నుంచి వచ్చిన పనివాడు,
చేయవలసిందే చేశాను, అంతకుమించి ఏమీ లేదనేవాడు.
నిన్న హాలివెల్ గారికి ఫోన్ చేశాను,
పీఠం మీద చెప్పేది ముందు ఆయనకే చెప్పాలని.
చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, "కప్పు ఇంకా సగమే అయింది, ఫాదర్."

తెల్లవారుతోంది.
"తొడుగులు" అని రాసి, కొట్టేసి, మళ్లీ రాశాను.
కాగితం మీద ఎంత చిన్న మాట,
నోట్లోకి వచ్చేసరికి ఎంత బండరాయి.

పైన కాకి ఒకసారి అరిచింది.
మళ్లీ అరిచింది.
పూజవస్త్రం తలమీదుగా వేసుకుంటూ
ఆ గుడ్డ లోపలి చీకట్లో ఒక్క క్షణం
చెవులు రిక్కించి నిలబడ్డాను.